నబ్జ్ నుంచి స్కాన్ దాకా: బుజుర్గుల ఇలాజ్‌లో రాహత్ ఎక్కడ?

మన ఇళ్లలో తొంభైకి దగ్గరపడిన అబ్బానో, దాదీనో, నానీనో ఉంటే ఒక సవాల్ ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఎదురొస్తుంది. డాక్టర్ సాబ్ చీటీ మీద నాలుగైదు టెస్టులు రాసిస్తారు. రక్తం, మూత్రం, ఛాతీ స్కాన్, అవసరమైతే పొట్టలోకి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ. ఆ జయీఫ్ ప్రాణమేమో "నన్ను ఇంట్లోనే ఉండనివ్వండి బేటా" అంటుంది. పెద్ద కొడుకు చేయిద్దామంటాడు. రోజూ లేపి కూర్చోబెట్టి వుజూ చేయించే చిన్న బహు వద్దంటుంది. దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉన్న తమ్ముడు ఫోన్లో "పైసల ఫిక్ర్ పెట్టుకోకండి, అన్నీ చేయించండి" అంటాడు. అందరి మాటలోనూ మొహబ్బత్ ఉంది. అందరి మాటలోనూ భయం కూడా ఉంది. చేయించకపోతే ఖిద్మత్‌లో కమీ చేశారని ఖాందాన్‌లో అనుకుంటారేమో, రేపు అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోవాలేమో అని.

ఈ చిక్కు మన జమానాలోనే పుట్టిందని అనుకుంటాం. సగం నిజమే. కానీ బాగా ముసలైన మనిషికి ఎంత ఇలాజ్ చేయాలి, ఎక్కడ ఆగాలి అన్న ఆలోచన తిబ్బ్‌లో వెయ్యేళ్లకు పైబడినది. ఆ తారీఖ్‌ను ఒకసారి తిరగేస్తే ఇవాళ్టి ఫైసలాకు పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి.

హకీంలు ముసలితనాన్ని ఎలా చూశారు

మన హకీంలు జాలీనూస్ అని పిలుచుకునే గ్రీకు వైద్యుడు గాలెన్ రెండో శతాబ్దంలో ఆరోగ్య రక్షణ మీద రాసిన కితాబులో ముసలివాళ్ల సంగతి వేరుగా రాశాడు. అందులో ఆంటియోకస్ అనే వైద్యుడి ముచ్చట ఉంది. ఎనభై దాటినా తన మరీజులను చూడటానికి నడిచి వెళ్లేవాడట. ఏం తినేవాడు, ఎంత నడిచేవాడు, ఎలా మాలిష్ చేయించుకునేవాడు అన్నది గాలెన్ వివరంగా చెబుతాడు. గాలెన్ రచనలను తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాక్, ఆయన సాథీలు సిరియాక్‌లోకీ అరబీలోకీ తర్జుమా చేశారు. అలా ఆ ఇల్మ్ అరబీ తిబ్బ్‌లోకి వచ్చింది.

పదో శతాబ్దంలో ఖైరవాన్ నగర హకీం ఇబ్న్ అల్ జజ్జార్ మతిమరుపు మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. ఇబ్న్ సీనా (980–1037) తన అల్ ఖానూన్ మొదటి కితాబులోనే బుజుర్గుల తద్బీర్‌కు, అంటే వాళ్ల దినచర్యకూ సంరక్షణకూ, విడిగా చోటిచ్చాడు. మనిషి లోపలి సహజమైన వేడినీ తడినీ దీపంతో, దీపంలోని నూనెతో పోల్చడం ఆ తిబ్బ్‌లో మామూలు. వయసు మీదపడే కొద్దీ నూనె తగ్గుతుంది. తగ్గిన నూనెను హకీం తిరిగి నింపలేడు. ఉన్నది త్వరగా ఆరిపోకుండా, గాలికి వణకకుండా చూడగలడు, అంతే.

ఆ లెక్కతో ఇబ్న్ సీనా చెప్పిన సలహాలు చాలా సాదాగా ఉంటాయి. భోజనం ఒకేసారి కడుపునిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు పెట్టాలి. అరిగితే పాలు ఇవ్వాలి. నూనెతో మెత్తగా మాలిష్ చేయాలి. నిద్ర బాగా పోనివ్వాలి. శక్తికి మించని నడక ఉండాలి. మలబద్ధకం రానివ్వకూడదు, అయితే గట్టి ముస్హిల్, అంటే తీవ్రమైన విరేచనాల మందు, వాడకూడదు. ఫస్ద్, అంటే నరం కోసి రక్తం తీయడం, సాధ్యమైనంతవరకు మానుకోవాలి. ఆ రోజుల్లో పడుచువాళ్లకు ఫస్ద్ చాలా మామూలు ఇలాజ్. పడుచువాడికి చేసేది ముసలివాడికి చేయకు అని హకీంలే గీత గీశారన్నమాట.

వేడి, తడి, మిజాజ్ అన్న ఆ సిద్ధాంతాన్ని ఇవాళ్టి సైన్స్ ఒప్పుకోదు. కానీ ఇలాజ్ బలం మరీజ్ బలాన్ని మించకూడదన్న ఆ జాగ్రత్త మాత్రం పాతబడలేదు.

ఒంటికి ఖర్చు లేని టెస్టులు

హకీంల దగ్గర టెస్టులు లేవని కాదు. రెండు పెద్ద టెస్టులు ఉండేవి: నబ్జ్, ఖారూరా. నాడి పట్టుకుని దాని పొడవు, వేగం, బలం, మెత్తదనం, లయ ఇలా పది లక్షణాలు చూడాలని ఇబ్న్ సీనా రాశాడు. ఖారూరా అంటే గాజు సీసాలో పట్టిన మూత్రం. దాని రంగు, చిక్కదనం, వాసన, నురగ, అడుగున పేరుకున్నది చూసి మర్జ్ ఏదో అంచనా వేసేవారు. ఈ టెస్టులు ఎంతవరకు సరైన జవాబు ఇచ్చేవన్నది వేరే బహస్. ఒకటి మాత్రం నిజం. వాటివల్ల మరీజ్‌కు తకలీఫ్ లేదు. సూది లేదు, ఉపవాసం లేదు, చల్లటి గదిలో కదలకుండా పడుకోవడం లేదు. టెస్టు తప్పయినా టెస్టు వల్ల ఎవరూ నీరసపడిపోలేదు.

అప్పటి దవాఖానాల్లో కూడా రాహత్‌ను ఇలాజ్‌లో భాగంగానే చూశారు. దమాస్కస్‌లో నూరుద్దీన్ జంగీ 1154లో కట్టించిన బీమారిస్తాన్, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ వక్ఫ్ ఆమ్దనీ మీద నడిచేవి. అమీర్, గరీబ్, మగ, ఆడ అన్న తేడా లేకుండా చేర్చుకునేవారు. నిద్రపట్టని మరీజుల కోసం కథలు చెప్పేవాళ్లను, సంగీతం వినిపించేవాళ్లను పెట్టేవారని చరిత్రకారులు రాశారు.

మన దక్కన్‌కు వస్తే హైదరాబాద్‌లో మొహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దారుష్షిఫా కట్టించాడు. నగరం పుట్టి అప్పటికి నాలుగేళ్లే. అది దవాఖానా, తిబ్బ్ నేర్పే మద్రసా, రెండూ. ఇవాళ పాతబస్తీలో ఆ మొహల్లాకే దారుష్షిఫా అన్న పేరు నిలిచిపోయింది. 1846లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైనప్పుడు పడమటి వైద్యాన్ని ఉర్దూలోనే నేర్పారు. చదువు పూర్తిచేసినవాళ్లను హకీం అనే పిలిచేవారు.

ఆ స్కూల్ దుఃఖ నివారణ తారీఖ్‌లో కూడా ఒక పేజీ రాసింది. దాని ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించారు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకుంటారు. క్లోరోఫాం గుండెకు ప్రమాదం కాదు, శ్వాసను కనిపెట్టుకుంటే చాలు అని కమిషన్ తేల్చింది. 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన ఆ మాట సరికాదని, గుండె మీద కూడా అది దెబ్బ కొట్టగలదని చూపించింది. నొప్పి తీసే ఇలాజ్‌ను కూడా కొలిచి, పరీక్షించి వాడాలన్నది అక్కడ నేర్చుకున్న సబఖ్.

మెషిన్ల జమానా

1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. మరుసటి ఏడాది రీవా రొచ్చి బీపీ కొలిచే పట్టీ తయారుచేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐంథోవెన్ ఈసీజీని వాడుకలోకి తెచ్చాడు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఆగిన గుండెను ఛాతీ మీద ఒత్తి నడిపించే సీపీఆర్ పద్ధతి ప్రకటించారు. 1971లో లండన్‌లో తొలిసారి ఒక మరీజ్ మెదడును సీటీ స్కాన్‌తో చూశారు. వీటివల్ల బతికినవాళ్లు కోట్లలో ఉంటారు. మన ఇళ్లలో ఎనభైలు, తొంభైలు చూస్తున్న బుజుర్గులు ఇంతమంది ఉండటానికి వీటి పుణ్యం కూడా ఉంది. అందుకు షుక్ర్.

కానీ నబ్జ్, ఖారూరాలతో పోలిస్తే మూడు సంగతులు మారిపోయాయి.

ఒకటి, టెస్టే ఒంటి మీద బరువు కాసాగింది. కొలనోస్కోపీ కోసం ముందురోజంతా విరేచనాల మందు తాగించాలి. తొంభై ఏళ్ల మనిషికి ఆ ఒక్క రాత్రి నీరు తగ్గి, బీపీ పడిపోయి, బాత్రూంలో జారిపడే ప్రమాదం ఉంటుంది. ముస్హిల్ వద్దని ఇబ్న్ సీనా చెప్పిన చోటే మళ్లీ వచ్చి నిలబడ్డాం. రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ అయితే కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ల విషయంలో ఆలోచించి చేయాలి.

రెండోది, హాని చేయని దాన్ని కూడా టెస్టు పట్టిస్తుంది. దీనికి ప్రోస్టేట్ పీఎస్ఏ టెస్టు పెద్ద మిసాల్. అమెరికాలో క్యాన్సర్ పట్టడానికి దాన్ని 1994లో అనుమతించారు. లక్షలమంది మగవాళ్లు చేయించుకున్నారు. ప్రోస్టేట్‌లో చాలా మెల్లగా పెరిగే గడ్డలు ఉంటాయి, వాటితోనే మనిషి పూర్తి ఉమ్ర్ బతుకుతాడు. అలాంటివాళ్లకు ఆపరేషన్ చేస్తే మూత్రం ఆపుకోలేని ఖర్మ మిగిలింది. పీఎస్ఏను 1970లో కనిపెట్టిన రిచర్డ్ ఆబ్లిన్ స్వయంగా 2010లో ఈ వాడకాన్ని తప్పుబడుతూ పత్రికలో రాశాడు. డెబ్భై దాటినవాళ్లకు ఏ లక్షణమూ లేకుండా ఈ స్క్రీనింగ్ వద్దని అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది.

మూత్రం టెస్టుది ఇంకా వింత ఖిస్సా. ముసలివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఏ జబ్బూ లేకుండానే మూత్రంలో బాక్టీరియా కనిపించడం మామూలు. మంట, జ్వరం, నొప్పి లేనప్పుడు రిపోర్టు చూసి యాంటీబయాటిక్స్ ఇవ్వొద్దని అమెరికా వృద్ధ వైద్య సంఘం 2013లో స్పష్టంగా చెప్పింది. అవి ఇస్తే విరేచనాలు, మందుకు లొంగని క్రిములు లాభం. వెయ్యేళ్ల కింద ఖారూరా చూసిన హకీం రంగును అపార్థం చేసుకుని ఉండొచ్చు. ఇవాళ రిపోర్టును అపార్థం చేసుకునే అవకాశమూ అంతే ఉంది.

మూడోది, ఒక టెస్టు ఇంకో టెస్టును పిలుస్తుంది. స్కాన్‌లో చిన్న మచ్చ కనబడుతుంది. అదేంటో తెలియాలంటే సూదితో ముక్క తీయాలి. ముక్క తీయాలంటే రక్తం పలచబడే మందు ఆపాలి. అది ఆపితే పక్షవాతం భయం. మొదటి టెస్టుకు ఊ అన్నప్పుడు ఈ దారంతా ఎవరికీ కనిపించదు.

దీనికి తోడు వక్త్ లెక్క ఒకటుంది. పెద్దపేగు క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ వల్ల ఫాయిదా కనబడటానికి దాదాపు పదేళ్లు పడుతుందని 2013లో వచ్చిన పరిశోధన లెక్కతేల్చింది. అంటే యాభై ఏళ్ల మనిషికి అది మంచి బేరం. తొంభై ఏళ్ల మనిషికి టెస్టు తకలీఫ్ ఇవాళే, ఫాయిదా మాత్రం పదేళ్ల తర్వాత.

ముసలితనం పేరుతో వదిలేయడమూ జుల్మే

ఇంతవరకు చదివి "అయితే ముసలివాళ్లకు టెస్టులే వద్దన్నమాట" అనుకుంటే అది ఇంకో తప్పు. ఆ తప్పు ఎంత పెద్దదో 1935 నాటి లండన్ చెబుతుంది.

అప్పుడు వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో డాక్టర్ మార్జరీ వారెన్ అనే ఆవిడ పనిచేసేది. పక్కనే ఉన్న గరీబుల వసతిగృహం దవాఖానాను ఆ హాస్పిటల్లో కలిపేశారు. ఏడువందలకు పైగా మరీజులు ఆమె చేతికి వచ్చారు. చాలామంది ముసలివాళ్లు, ఏళ్ల తరబడి మంచం పట్టినవాళ్లు. "వయసైపోయింది" అని రాసి ఎవరూ సరిగా చూడలేదు. ఆమె ఒక్కొక్కరినీ శ్రద్ధగా పరీక్షించింది. ఎవరికి ఏ జబ్బో విడదీసింది. లేపి కూర్చోబెట్టింది, నడిపించింది, గోడలకు రంగులు వేయించింది. ఎంతోమంది లేచి తమ ఇళ్లకు వెళ్లిపోయారు. వృద్ధ వైద్యాన్ని జీరియాట్రిక్స్ అంటారు. ఆ పేరు 1909లో ఇగ్నాజ్ నాషర్ పెట్టినా, దాన్ని పనిలో చూపించింది వారెన్.

అందుకే ఏ టెస్టు ఎందుకు అన్నది ముఖ్యం. అమ్మీ పది రోజుల్లో ఒక్కసారిగా తికమకగా మాట్లాడుతోందంటే అది వయసు కాకపోవచ్చు. రక్తంలో సోడియం తగ్గి ఉండొచ్చు, కొత్తగా ఇచ్చిన నిద్రమాత్ర కావొచ్చు, మూత్రం బిగుసుకుపోయి ఉండొచ్చు. ఒక్క రక్తపరీక్షతో, మందుల చీటీ మళ్లీ చూడటంతో ఆమె తిరిగి ఆమెలా అవుతుంది. అబ్బా ఆయాసపడుతుంటే రక్తం తగ్గిందేమో చూడాలి. కంటి శుక్లం తీయిస్తే ముసహఫ్ చదువుకోగలడు. చెవిలో గుబిలి తీస్తే అజాన్ వినిపిస్తుంది. తుంటి ఎముక విరిగితే తొంభైలో కూడా చాలామందికి ఆపరేషన్ చేయడమే రాహత్, ఎందుకంటే చేయకపోతే పక్క తిరిగిన ప్రతిసారీ ప్రాణం పోయేంత నొప్పి. ఇవన్నీ తకలీఫ్ తగ్గించే ఇలాజులు. టెస్టు చేశాక ఆమె రోజు మెరుగవుతుందా అన్నదే చూడాలి.

మంచం చేసే హాని

1947లో రిచర్డ్ ఆషర్ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచాన పడుకోబెట్టడం వల్ల వచ్చే ప్రమాదాల మీద ఒక వ్యాసం రాశాడు. అప్పటికి విశ్రాంతి అంటే అన్నింటికీ దవా అనుకునేవారు. అరవై ఏళ్ల తర్వాత, 2007లో, ఒక పరిశోధన దాన్ని కొలిచి చూపింది. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లు కేవలం పది రోజులు మంచం మీద ఉంటే కాళ్ల కండ దాదాపు ఒక కిలో తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అంత. "నాలుగు రోజులు అబ్జర్వేషన్‌లో పెడదాం" అన్న మాటకు బుజుర్గ్ విషయంలో ఖరీదు ఇది. వెళ్లేటప్పుడు నడిచి వెళ్లిన మనిషి వచ్చేటప్పుడు చక్రాల కుర్చీలో వస్తాడు.

ఇంకోటి మతి చెదరడం. కొత్త చోటు, రాత్రంతా లైటు, మెషిన్ల చప్పుడు, చేతికి కట్టిన గొట్టాలు. రాత్రి అయ్యేసరికి కొడుకునే గుర్తుపట్టరు, లేచి పోతానంటారు, సూదులు పీకేస్తారు. దీన్ని డెలీరియం అంటారు. 1999లో అమెరికాలో డాక్టర్ షారన్ ఇనూయీ 852 మంది మీద చేసిన పని మన ఇళ్లలో అందరికీ తెలియాలి. ఏ కొత్త మందూ ఇవ్వలేదు. కళ్లద్దాలు, వినికిడి మెషిన్ దగ్గరే ఉంచారు. ఇవాళ ఏ రోజో, ఎక్కడ ఉన్నారో చెబుతూ ఉన్నారు. రోజూ కాస్త నడిపించారు, నీళ్లు తాగించారు, రాత్రి నిద్ర చెడకుండా చూశారు. డెలీరియం వచ్చినవాళ్లు నూటికి 15 నుంచి దాదాపు 10కి తగ్గారు. దాదీని దవాఖానాలో చేర్చాల్సి వస్తే ఆమె ఐనక్, తస్బీహ్, తెలిసిన ముఖం ఒకటి మంచం పక్కన ఉండటం కూడా ఇలాజే.

నొప్పి తీయడం కూడా ఇలాజే

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఆమె ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టర్. నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుదీ, ఖాందాన్‌దీ, రూహ్‌దీ అని ఆమె వాదించింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందులు ఇచ్చే పద్ధతి ప్రకటించింది.

మన దేశంలో దారి అంత సులువు కాలేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. నొప్పితో అల్లాడేవాళ్లకు అది అందేలా 2014లో చట్టాన్ని సవరించారు. ఈలోగా 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి సాథీలు పాలియేటివ్ సొసైటీ మొదలుపెట్టారు. మొహల్లాలో మామూలు మనుషులే వాలంటీర్లుగా ఇంటింటికీ వెళ్లే పద్ధతి మలబార్‌లో పాతుకుంది. 2008లో కేరళ సర్కార్ దానికోసం పాలసీ తెచ్చింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానాలో పాలియేటివ్ విభాగం పనిచేస్తోంది.

చాలామంది పాలియేటివ్ అంటే "ఇక వదిలేశారు" అనుకుంటారు. 2010లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లు చేశారు. మొదటినుంచీ పాలియేటివ్ సంరక్షణ కూడా అందిన జట్టు దిగులు తక్కువగా గడిపింది. వాళ్లకు చివర్లో గట్టి ఇలాజులు తక్కువ చేశారు. అయినా వాళ్లే ఎక్కువ కాలం బతికారు: 11.6 నెలలు, రెండో జట్టు 8.9 నెలలు.

ముదిరిన మతిమరుపు జబ్బులో తిండి మానేసినవాళ్లకు ముక్కులోంచో పొట్టలోంచో గొట్టం వేయడం గురించి కూడా తెలుసుకోవాలి. గొట్టం కన్నా చేత్తో నెమ్మదిగా తినిపించడమే మేలని, గొట్టం వల్ల ఉమ్ర్ పెరగదని, పుండ్లు, చేతులు కట్టేయడం లాంటివి పెరుగుతాయని అమెరికా వృద్ధ వైద్య సంఘం చెప్పింది. రెండు చెంచాల గంజి, తడిపిన పెదాలు, పక్కన మనిషి. ఇది మన నానీలు తమ అమ్మలకు చేసిందే.

షరీఅత్, ఖానూన్ ఏమంటాయి

వద్దంటే గునాహ్ అవుతుందా అన్న భయం దగ్గరికి వద్దాం. షరీఅత్ బుజుర్గుల మీద బరువు వేయదు, దించుతుంది. రోజా పట్టలేని ముసలి మనిషిని ఫిఖ్హ్‌లో షైఖె ఫానీ అంటారు. ఆయనకు రోజా బదులు ఫిద్యా ఉంది. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని, సైగలతో నమాజ్ చేయొచ్చు. కష్టం ఎక్కువైన చోట సౌలత్ ఇవ్వాలన్నది ఫిఖ్హ్‌లో పెద్ద ఉసూల్.

ఇలాజ్ విషయంలో కూడా ఉలమా ఆలోచించారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1992లో జెద్దాలో చేసిన తీర్మానంలో ఇలాజ్ హుకుం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుందని చెప్పింది. వదిలేస్తే ప్రాణానికో అవయవానికో నష్టమయ్యేచోట, లేదా జబ్బు ఇతరులకు అంటుకునేచోట అది వాజిబ్. కొన్నిచోట్ల మంచిది, కొన్నిచోట్ల చేసినా మానినా ఫరవాలేదు, చేస్తే ఇంకా పెద్ద హాని జరుగుతుందనుకునేచోట మక్రూహ్. అదే అకాడమీ 1986లో అమ్మాన్‌లో, మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా పనిచేయడం మానిందని నిపుణులు తేల్చాక మెషిన్ తీసేయొచ్చని చెప్పింది. ప్రాణం తీయడం వేరు, ఫాయిదా లేని తకలీఫ్ పెట్టకపోవడం వేరు. మీ ఇంటి ప్రత్యేక పరిస్థితికి తెలిసిన ఆలిమ్‌నూ డాక్టర్‌నూ కలిపి అడగండి.

దేశ ఖానూన్ కూడా మారింది. ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011 మార్చిలో సుప్రీంకోర్టు మొదటిసారి దారి తెరిచింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గౌరవంగా వెళ్లిపోవడం కూడా జీవించే హక్కులో భాగమని చెప్పి, మనిషి ముందే తన ఇలాజ్ గురించి రాసిపెట్టుకోవచ్చని ఒప్పుకుంది. దాని షరతులు కష్టంగా ఉండటంతో 2023 జనవరిలో తేలిక చేసింది. ఇప్పుడు ఇద్దరు గవాహీల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో రాయాలి. గుండె ఆగితే సీపీఆర్ చేయొద్దన్న నిర్ణయం ఎలా తీసుకోవాలో భారత వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎముకలు పెళుసైన తొంభై ఏళ్ల ఛాతీని ఒత్తితే పక్కటెముకలు విరుగుతాయి. ఎక్కువమంది తిరిగి లేవరు. ఆ ఫైసలా అప్పటికప్పుడు తీసుకునేది కాదు.

టెస్టుకు ముందు అడగాల్సిన మాటలు

ఈ తారీఖ్ అంతటి నుంచి ఇంటికి పట్టుకెళ్లగలిగినవి కొన్నే. డాక్టర్ సాబ్‌ను అదబ్‌తో ఇలా అడగొచ్చు. ఈ టెస్టులో ఏదైనా తేలితే ఆ ఇలాజ్ అబ్బా తట్టుకోగలరా? తట్టుకోలేరంటే టెస్టు ఎందుకు? తేలిన దానివల్ల ఆయన తినడం, నిద్ర, నడక, నొప్పిలో ఏమైనా మెరుగవుతుందా? ఇంట్లోనే చేయగలిగిన, తక్కువ తకలీఫ్ ఉన్న దారి ఉందా? రెండు వారాలు ఆగి చూస్తే ఏం నష్టం? మంచి డాక్టరు ఈ మాటలకు నారాజ్ కాడు. నిజానికి చాలామంది డాక్టర్లు ఖాందాన్ నోట ఈ సవాల్ వస్తుందేమోనని ఎదురుచూస్తారు. "ఏదీ వదలకండి" అన్న మాట మన నుంచే వస్తే వాళ్లు రాయక ఏం చేస్తారు?

ఇంకో పని కూడా చేయాలి. అబ్బా వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లి, వీటిలో ఏవి మానేయొచ్చో అడగండి. తొంభైలో షుగర్‌ను పడుచువాడి అంకెకు దించాలని చూస్తే షుగర్ బాగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. జిల్లా దవాఖానాల్లో వృద్ధుల కోసం వేరే వార్డు, ఓపీ పెట్టాలని 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఉంది. మీ జిల్లాలో ఉందేమో కనుక్కోండి. డెబ్భై దాటిన అందరికీ, ఆమ్దనీతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఇలాజ్ 2024 అక్టోబర్ నుంచి వర్తిస్తోంది. డబ్బు లేదన్న కారణంతో అవసరమైన ఇలాజ్ ఆగకూడదు. డబ్బు ఉందన్న కారణంతో అక్కర్లేనిది జరగకూడదు.

దూరంలో ఉన్న తమ్ముడి మాట కూడా వినాలి. కానీ రోజూ చూసుకునే మనిషి మాటకు బరువు ఎక్కువ ఉండాలి. రాత్రి ఎన్నిసార్లు లేచారో, మందు మింగేటప్పుడు ఎలా పొలమారిందో ఆమెకే తెలుసు. మన ఇళ్లలో ఆ మనిషి సాధారణంగా బహునో బేటీనో. మష్వరాలో ఆమెను కూర్చోబెట్టకుండా మగవాళ్లే ఫైసలా చేయడం చాలా చోట్ల చూస్తున్నాం. అది మారాలి.

అన్నింటికన్నా ముందు అడగాల్సింది ఆ బుజుర్గ్‌నే. హోష్ ఉన్నప్పుడే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే అడగాలి. "అమ్మీ, నీకు ఏది ఎక్కువ కావాలి? ఏది వద్దు? మాట్లాడలేని రోజొస్తే నీ తరఫున ఎవరు మాట్లాడాలి?" ఇలా అడిగితే మౌత్ గురించి మాట్లాడినట్టు అవుతుందని జంకుతాం. మన బుజుర్గుల్లో చాలామంది కఫన్ బట్ట ముందే కొనిపెట్టుకున్నవాళ్లు. వసీయత్ ముందే చెప్పి పెట్టినవాళ్లు. వాళ్లు జంకరు. ఐసీయూ బయట అర్ధరాత్రి సంతకం కోసం కాగితం ముందు పెట్టినప్పుడు అన్నదమ్ములు వాదించుకోవడం కన్నా, ఈద్ రోజు అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ ఉన్నప్పుడు అమ్మీ నోటితో వినడం మంచిది. ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసి, అందరూ విన్నామని సంతకాలు పెట్టండి. ఇద్దరు గవాహీలు, నోటరీ పని కూడా ఆ వారంలోనే పూర్తిచేయండి.